ఒకే పొట్లం విత్తనాలు: ఒక మొక్కకి నల్ల టమాటాలు, రెండో మొక్కకి ఎర్రవి. ఎందుకిలా?

మేడమీది_మొక్కలు
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా పిన్ని ఒక పొట్లంలో ఐదు టమాటా విత్తనాలు కట్టి ఇచ్చింది. "నల్ల చెర్రీ టమాటా, పదేళ్ళుగా నేనే విత్తనం తీసి నాటుకుంటున్నాను, కొన్నది కాదు" అని చెప్పి మరీ ఇచ్చింది. ఐదింట్లో మూడు మొలిచాయి. ఒకటి రెండాకుల మీద ఉండగానే మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోయింది. మిగిలిన రెండిటినీ చెరో 20 లీటర్ల బకెట్‌లో పెట్టాను. ఒకటే మట్టి, ఒకటే ఎరువు, ఒకే గోడ పక్కన. రెండూ నా ఎత్తు దాటిపోయాయి.

ఇప్పుడు కాయలు పండుతున్నాయి. మొదటి బకెట్‌లో పిన్ని చెప్పినట్టే ఊదా, గోధుమ కలిసిన ముదురు రంగు. తొడిమ దగ్గర కాస్త ఆకుపచ్చ నీడ. రెండో బకెట్‌లో మాత్రం శుభ్రంగా ఎర్రగా పండుతున్నాయి. ఇంకా నల్లబడతాయేమోనని వారం రోజులు కోయకుండా ఉంచాను. నల్లబడలేదు సరికదా, పగిలిపోయాయి.

నేనేమైనా తప్పు చేశానా? పిన్నికి ఇంకా చెప్పలేదు.

ఆదివారం_రైతు
తప్పు మీది కాదండీ, ఎండది. మనుషులైనా ఎండలో తిరిగితేనే కదా నల్లబడేది! ఎర్ర బకెట్‌ని కాస్త ముందుకు జరపండి. ఐరన్ తక్కువైనా రంగు రాదంటారు, అదీ చూడండి.

విత్తనాల_డబ్బా
ఆదివారంగారూ, ఆ అమ్మాయి చేత బకెట్లు మోయించకండి.

ఎండ తగిలిన చోటే నల్లబడే టమాటాలు ఉన్నమాట నిజమే. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఇండిగో రోజ్ లాంటివి. వాటి నలుపు వంకాయ తొక్కలో ఉండే రంగు లాంటిదే. ఆకు చాటున ఉన్న వైపు ఆ నలుపు రాదు. అడవి టమాటా జాతుల నుంచి సంకరం చేసి తెచ్చిన గుణం అది.

ఈవిడ చెబుతున్నది అది కాదు. ఊదా గోధుమ రంగు, తొడిమ దగ్గర ఆకుపచ్చ నీడ అంటే మామూలు 'బ్లాక్' రకం. ఆ నలుపు తొక్కలో ఉండదు, కండలో ఉంటుంది. ఎండకీ మట్టికీ ఐరన్‌కీ దానితో పని లేదు.

అమ్మా, ఒక పని చెయ్యి. రెండు చెట్ల నుంచీ బాగా పండినవి చెరొకటి కోసి, అడ్డంగా కోసి చూడు. విత్తనాల చుట్టూ ఉండే జిగురు ఏ రంగులో ఉందో రాయి.

మేడమీది_మొక్కలు
కోశాను మాస్టారూ (అలా పిలవొచ్చా? అందరూ అలాగే పిలుస్తున్నారు).

నల్లదానిలో జిగురు పాచి పట్టిన నీళ్ళలా ఆకుపచ్చగా ఉంది. గోడలు ఇటుక రంగు. రెండు గదులు, విత్తనాలు చాలా ఉన్నాయి. ఎర్రదానిలో జిగురు కూడా ఎరుపే, కొంచెం నారింజ. ఆకుపచ్చ చుక్క కూడా లేదు. రుచి కూడా వేరు. నల్లది తియ్యగా, తిన్నాక కాస్త ఉప్పగా ఏదో మిగులుతుంది. ఎర్రది పుల్లగా చురుగ్గా ఉంది. బాగానే ఉంది కానీ అది వేరు, ఇది వేరు.

విత్తనాల_డబ్బా
అయితే సంగతి తేలిపోయింది. ఎర్ర చెట్టు మీ పిన్ని రకం కాదు. సగమే మీ పిన్ని రకం. మిగతా సగం ఏ తుమ్మెదో తెచ్చింది.

మామూలు టమాటా పండేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. కాయలోని ఆకుపచ్చ కరిగిపోతుంది, ఎరుపు పుడుతుంది. బ్లాక్ రకాల్లో ఎరుపు పుడుతుంది కానీ ఆకుపచ్చ పోదు. రెండూ కలిసి మనకి నల్లగా కనిపిస్తాయి. ఆకుపచ్చని పోనివ్వని ఆ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఒక వైపు నుంచే వస్తే లోపల దాక్కుంటుంది, కాయ ఎర్రగానే పండుతుంది. 1866లో మెండెల్ బఠానీల మీద రాసిందే ఇది, కొత్తేం కాదు.

కాబట్టి మీ పిన్ని గారి నల్ల చెట్టు మీద ఒక పువ్వుకి ఎక్కడి నుంచో వేరే టమాటా పుప్పొడి పడింది. ఆ కాయలోని విత్తనమే నీ రెండో బకెట్‌లో మొలిచింది.

మేడమీది_మొక్కలు
పిన్నికి ఫోన్ చేశాను. "నా మేడ మీద నల్లవి తప్ప ఇంకో టమాటా మొక్క పదేళ్ళుగా లేదు" అని ఒట్టు పెట్టింది. కొంచెం కోపం కూడా వచ్చింది. అయినా టమాటా పువ్వు తనకు తానే కాయ కడుతుంది కదా మాస్టారూ? అందుకే పక్కపక్కన వేసినా ఏమీ కాదని చాలాచోట్ల చదివాను.

విత్తనాల_డబ్బా
మామూలుగా ఏమీ కాదు. వందకి రెండు మూడు గింజలు అటూ ఇటూ అవుతాయి, అంతే. కానీ చెర్రీ రకాల్లో కొన్నిటితో చిక్కుంది. పువ్వు మధ్యలో పసుపు గొట్టం కనిపిస్తుంది కదా, పుప్పొడి అందులోనే ఉంటుంది. పుప్పొడిని అందుకునే మొన, అంటే కీలాగ్రం, ఆ గొట్టం లోపలే ఉండిపోతే బయటి పుప్పొడికి దారి ఉండదు. పెరూ, ఈక్వడార్ వైపు గురిగింజంత కాయలు కాసే అడవి టమాటాల్లో చాలావాటికి అది గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తుంది. మన చెర్రీ రకాల్లో కొన్నిటికి ఇంకా ఆ పోలిక ఉంది. ఎండలు ముదిరినప్పుడు కొన్ని పూలలో కీలాగ్రం ఇంకాస్త బయటికి వస్తుంది కూడా.

భూతద్దం ఉంటే నీ నల్ల చెట్టు పువ్వు చూడు.

మేడమీది_మొక్కలు
చూశాను. ఆరు పూలు చూస్తే రెండిటికి గొట్టం చివర సూది మొనంత లేత ఆకుపచ్చ చుక్క బయటికి ఉంది. నాలుగిటికి లేదు. ఇన్నాళ్ళూ రోజూ నీళ్ళు పోస్తూ ఒక్కసారి కూడా చూడలేదు!

కొత్త_కుండీ
మీకు కాయల రంగుల మీద బెంగ, నాకు కాయలే లేవు. విత్తనం వేసి మూడు నెలలైంది. చెట్టు పందిరంత ఉంది, పూలు గెలలు గెలలుగా వస్తాయి, రెండు రోజుల్లో రాలిపోతాయి. ఏ మందు కొట్టాలో చెప్పండి ప్లీజ్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఆదివారం_రైతు
నిద్ర పట్టకపోతే రాత్రి థర్మామీటర్ చూడండి, పనికొస్తుంది. ఇది జోక్ కాదండీ. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24కి దిగకపోయినా టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. అప్పుడు పువ్వు కాడ మధ్యలో మోకాలు లాంటి కణుపు ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడే పసుపురంగుకి తిరిగి ఊడిపోతుంది. మీవి అక్కడే ఊడుతున్నాయా?

ఇంకోటి. ఎరువు ఏం వేస్తున్నారు?

కొత్త_కుండీ
అవునండీ, సరిగ్గా ఆ కణుపు దగ్గరే! ఎరువంటే వారం వారం యూరియా నీళ్ళు. ఆకు భలే ముదురు ఆకుపచ్చగా ఉంది.

ఆదివారం_రైతు
దొరికారు. చెట్టుకి ఆకులు పెంచుకోవడమే హాయిగా ఉంటే కాయలెందుకు కాస్తుంది? యూరియా ఆపేయండి. పొటాష్ ఉన్న ఎరువేదైనా రెండు వారాలకోసారి కొద్దిగా చాలు. పొద్దున పదింటికీ మధ్యాహ్నానికీ మధ్య, పుప్పొడి పొడిగా ఉన్నప్పుడు, గెల కాడని వేలితో టకటకా తట్టండి. నేనైతే పాత కరెంటు టూత్‌బ్రష్ కాడకి ఆనిస్తాను. చేతిలో నల్ల కాగితం పెట్టుకుని చూడండి, పౌడర్ చల్లినట్టు రాలుతుంది. తుమ్మెదలు చేసే పని ఇదే. పువ్వుని పట్టుకుని జుమ్మని రెక్కల కండరాలు అదిరిస్తాయి. తేనెటీగలకి ఆ విద్య రాదు, వాటిని నమ్ముకోకండి.

ఎండ మరీ ఎక్కువైతే మధ్యాహ్నం పూట పల్చటి షేడ్ నెట్ వేయండి. వేడి తగ్గాక వచ్చే గెలలు నిలబడతాయి. మందులేం కొట్టక్కర్లేదు.

కత్తెర_చేతిలో
అసలు సంగతి ఎవరూ చెప్పరేం? పందిరంత పెరగనిచ్చారు కాబట్టి గాలి ఆడదు. పక్క పిలకలన్నీ తీసేసి ఒకే కాండంగా కర్రకి కట్టండి. నేను అలాగే పెంచుతాను, చూడ్డానికి సైనికుల్లా ఉంటాయి.

ఆదివారం_రైతు
సైనికులు బాగున్నారండీ, కాయలెన్ని కాశారు?

కత్తెర_చేతిలో
తొందరగా కాశారు!

విత్తనాల_డబ్బా
ఇద్దరూ సగం సగం రైటే. పెద్ద కాయ టమాటాకి ఒకటి రెండు కాండాలుగా కత్తిరిస్తే కాయ సైజు పెరుగుతుంది. చెర్రీకి సైజుతో పనేముంది? ప్రతి పిలకా పది గెలలు ఇస్తుంది. మూడు నాలుగు కాండాలు ఉంచుకుని తర్వాత వచ్చేవి తీసేస్తే చాలు. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు ఆకులు గీకేస్తే కాయల మీద తెల్లగా మచ్చలు పడి బొబ్బలెక్కుతాయి. అది ఎండదెబ్బ, తెగులు కాదు.

నేల నుంచి జానెడు జానెడున్నర దాకా ఉన్న కింది ఆకులు మాత్రం కాయ పట్టాక తీసెయ్యండి. నీళ్ళు పోసినప్పుడు మట్టి చిందేది వాటి మీదకే, వలయాల్లో వలయాల్లా గోధుమ మచ్చలు మొదలయ్యేదీ అక్కడే. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే సగం గొడవ వదిలిపోతుంది. పాత రకాలకి తెగుళ్ళని తట్టుకునే గుణం హైబ్రిడ్లంత పెంచి పెట్టలేదు కదా, ఈ జాగ్రత్త వాటికే ఎక్కువ అవసరం.

కొత్త_కుండీ
ఇంకొక్కటి. కింది ఆకులు గొట్టాల్లా పైకి చుట్టుకున్నాయి. ఆకుముడత వైరస్ వచ్చేసిందా? పీకెయ్యాలా?

ఆదివారం_రైతు
ఆగండాగండి. ముదిరిన ఆకులు ఆకుపచ్చగా, తోలులా మందంగా ఉండి చుట్టుకుంటే అది వేడికీ నీటి ఎద్దడికీ. చెట్టు తన నీళ్ళు తాను కాపాడుకుంటోంది. వైరస్ అయితే పైన వచ్చే లేత చిగుళ్ళలో కనిపిస్తుంది. ఆకు చిట్టిదైపోయి, అంచులు పసుపురంగుకి తిరిగి, దోనెలా ముడుచుకుని, చెట్టు ఎదగడం ఆగిపోతుంది. అది తెల్లదోమ తెచ్చేది. అది వచ్చిందంటే మాత్రం మొహమాటపడకుండా పీకి సంచిలో కట్టి పడెయ్యండి, పక్క మొక్కలకి పాకకముందే.

నిర్వాహకులు
పూల రాలుడికీ కత్తిరింపుకీ వేరే చర్చలు ఉన్నాయి. దయచేసి ఇక్కడ రంగు విషయమే మాట్లాడుకుందాం.

కత్తెర_చేతిలో
నిర్వాహకులకీ ఒక కత్తెర ఉందన్నమాట.

మేడమీది_మొక్కలు
నా సందేహం ఇంకా ఉంది మాస్టారూ. ఇప్పుడు ఎర్ర చెట్టుని ఏం చెయ్యాలి? ఇది హెయిర్‌లూమ్ (తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన పాత రకం) కాదు కాబట్టి పీకెయ్యాలా? అసలు పిన్నిది హెయిర్‌లూమేనా?

కత్తెర_చేతిలో
పిన్నిగారిది బ్లాక్ చెర్రీ అయితే అది హెయిర్‌లూమ్ కాదండీ. ఫ్లోరిడాలో తయారైంది, ఈ శతాబ్దంలో పేరు తెచ్చుకుంది. యాభై ఏళ్ళు దాటిన రకాన్నే హెయిర్‌లూమ్ అనాలి. ఎల్లో పేర్ (పియర్ పండు ఆకారంలో పసుపు కాయలు) అంటే హెయిర్‌లూమ్, 19వ శతాబ్దం మొదటి నుంచీ ఉంది. జర్మన్ల రీసెన్‌ట్రౌబ అంటే హెయిర్‌లూమ్, పేరుకి అర్థమే 'పెద్ద ద్రాక్షగుత్తి'.

విత్తనాల_డబ్బా
యాభై అనేది ఎవరో గీసుకున్న గీత. నాకు దానితో పేచీ లేదు కానీ, వయసు చూసి విత్తనం దాచను. ఎల్లో పేర్‌కి రెండొందల ఏళ్ళు దాటాయి, నా నోటికి మాత్రం చప్పగా ఉంటుంది. నాకు కావలసింది ఒకటే. తీసిన విత్తనం వేస్తే మళ్ళీ అదే చెట్టు రావాలి. అలా వస్తే అది నిలకడైన రకం. చేతులు మారుతూ తరాలు గడిస్తే అదే హెయిర్‌లూమ్ అవుతుంది.

సన్‌గోల్డ్‌ని చూడండి. జపాన్‌లోని తోకితా కంపెనీ తయారుచేసింది, చెర్రీల్లో అంత తియ్యనివి తక్కువ. కానీ ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు వేరు రకాలు కలిపితే వచ్చిన మొదటి తరం. దాని విత్తనం తీసి పది మొక్కలు వేస్తే పది రకాలుగా కాస్తాయి. పిన్నిగారు పదేళ్ళు తీసి వేసినా నలుపు నిలిచిందంటే ఆవిడ చేతిలోది నికరమైన సరుకే.

ఎర్ర చెట్టుని పీకకు. అది ఇప్పుడు ఎఫ్1 లాంటిదే. ఆ నలుపు దాని లోపలే ఉంది. దాని విత్తనం తీసి వేస్తే నాలుగింట్లో ఒకటి నల్లగా కాయాలి. నాలుగు మొక్కలే వేస్తే ఒక్క నల్లదైనా వచ్చే అవకాశం 68 శాతం. ఎనిమిది వేస్తే 90. చోటుందా?

మేడమీది_మొక్కలు
ఎనిమిది బకెట్లా! సరే, మా ఆయనతో మాట్లాడాలి.

…మాట్లాడాను. ఆయన మోటార్‌సైకిల్ ఎండలోకి మారుతోంది. విత్తనం ఎలా తియ్యాలి?

విత్తనాల_డబ్బా
బాగా పండి మెత్తబడిన కాయలు కొయ్యి. గ్లాసులోకి జిగురుతో సహా పిండు, కాసిని నీళ్ళు పొయ్యి, పైన గుడ్డ కట్టి నీడలో పెట్టు. రెండు మూడు రోజుల్లో పైన తెల్లగా బూజు తెట్టు కడుతుంది, కంపు కొడుతుంది. అది మంచిదే. ఆ జిగురులోనే గింజని మొలవనివ్వని పదార్థాలు ఉంటాయి. పులిస్తే అది విడిపోతుంది. మూడు రోజులు దాటించకు, గ్లాసులోనే మొలకలొచ్చేస్తాయి. నీళ్ళు పోసి కలిపి వంచితే తేలేవి పోతాయి, అడుగున ఉన్నవి మంచివి. కడిగి పింగాణీ ప్లేటు మీద పల్చగా పరిచి నీడలో ఆరబెట్టు. కాగితం మీద వద్దు, అతుక్కుపోయి మళ్ళీ రావు. ఆరాక నూగు నూగుగా బూడిదరంగులోకి వస్తాయి.

నల్లదీ ఎర్రదీ వేరువేరు గ్లాసుల్లో. గ్లాసు మీద పేరు రాయి. "గుర్తుంటుందిలే" అనుకుని నేను మూడు రకాలు పోగొట్టుకున్నాను.

నల్ల చెట్టుకైతే విచ్చని మొగ్గల గెల మీద పల్చటి వల సంచి కట్టు. రోజూ ఓ సారి తట్టు. పిందె పట్టాక సంచి తీసేసి కాడకి ఎర్ర దారం కట్టు. ఆ కాయలే విత్తనానికి. లేకపోతే నీ ఎర్ర చెట్టు పుప్పొడే దాని మీద పడుతుంది.

ఆదివారం_రైతు
ఇంకో చిట్కా. నల్ల చెట్టు పిలక ఒకటి జానెడు పొడుగుది విరిచి నీళ్ళ గ్లాసులో పెట్టండి. వారం పది రోజుల్లో వేళ్ళొస్తాయి. అది అచ్చంగా అదే చెట్టు, ఏ తుమ్మెదా వేలు పెట్టలేదు. విత్తనంతో ఏదైనా తేడా జరిగినా రకం చేతిలో ఉంటుంది.

మేడమీది_మొక్కలు
(ఐదు నెలల తర్వాత)

మర్చిపోలేదు, బతికే ఉన్నాను. ఎర్ర చెట్టు విత్తనాలు పన్నెండు వేస్తే పదకొండు మొలిచాయి, అన్నీ వారంలోనే. ఈసారి పైపైన, అర సెంటీమీటరు లోతులోనే వేశాను, తడి తగ్గించాను, ఒక్కటీ కుళ్ళలేదు. ఎనిమిదింటిని ఉంచి మిగతావి పంచేశాను. బకెట్లలో నాటేటప్పుడు కింది రెండాకులు తీసేసి కాండం సగం దాకా పాతాను. మూడో బకెట్‌లోది లేత చిగుళ్ళలో ముడుచుకుంది. ఆదివారంగారు చెప్పిన దోనె ఆకారమే. ఏడుస్తూ పీకాను. ఏడు మిగిలాయి.

ఇప్పటికి నాలుగు పండాయి. ఒకటి, రెండు, నాలుగు ఎరుపు. ఏడో బకెట్‌లో…

నలుపు!!! కోసి చూశాను, జిగురు ఆకుపచ్చే!

కత్తెర_చేతిలో
చప్పట్లు! మాస్టారు గెలిచారు.

కొత్త_కుండీ
నాకూ కాయలొచ్చాయండోయ్. యూరియా డబ్బా పక్కింటికిచ్చేశాను. అన్నట్టు నావి పండేలోపు పగులుతున్నాయి. అది మాత్రం చెప్పరూ?

ఆదివారం_రైతు
పక్కింటివాళ్ళ పూలు రాలిపోతే వాళ్ళనీ ఇక్కడికే పంపండి. పగుళ్ళకి కారణం నీళ్ళు. మట్టి ఎండిపోయాక ఒక్కసారిగా బాల్చీలకొద్దీ పోసినా, వానొచ్చినా, లోపల కండ ఉబ్బుతుంది, తొక్క సాగలేదు. కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా పోయండి. వాన వచ్చేట్టుంటే రంగు తిరగడం మొదలైనవి కోసి లోపల పెట్టుకోండి, అక్కడే పండుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, వాసన చచ్చిపోతుంది.

మేడమీది_మొక్కలు
(తొమ్మిది రోజుల తర్వాత)

మాస్టారూ, ఏదో గందరగోళం జరిగింది. ఎనిమిదో బకెట్‌లో కాయలు పచ్చగా పండాయి!

విత్తనాల_డబ్బా
ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?

మేడమీది_మొక్కలు
పసుపుపచ్చ. నిమ్మపండు రంగు. కోస్తే లోపల కూడా పసుపే. ఎరుపు నుంచి నలుపు రావాలన్నారు కానీ పసుపు ఎక్కడి నుంచి వచ్చింది? విత్తనాలు కలిసిపోయాయా? నేను గ్లాసుల మీద పేర్లు రాశానండీ, ఒట్టు.

విత్తనాల_డబ్బా
నీ తప్పు లేదు, లెక్క తప్పింది నాది. వచ్చిన పుప్పొడి ఎర్ర టమాటాది అనుకుని లెక్కేశాను. అది పసుపు టమాటాదమ్మా.

నలుపూ పసుపూ కలిస్తే ఎరుపు ఎలా అని అడగకముందే చెప్తాను. నల్ల టమాటా ఎరుపుని తయారుచేసుకోగలదు, ఆకుపచ్చని పోగొట్టుకోలేదు. పసుపు టమాటా ఆకుపచ్చని పోగొట్టుకోగలదు, ఎరుపుని తయారుచేసుకోలేదు. ఒకరికి లేనిది ఇంకొకరు ఇచ్చారు. పిల్ల రెండూ చెయ్యగలదు కాబట్టి మామూలు ఎర్ర టమాటాలా కాసింది. ఇప్పుడు మనవల్లో ఆ రెండూ విడివిడిగా పంచుకుపోతున్నాయి.

కాబట్టి నాలుగింట ఒకటి అన్నది తప్పు. పదహారింట్లో తొమ్మిది ఎరుపు, మూడు నలుపు, మూడు పసుపు. ఎనిమిది మొక్కల్లో ఒక్క నల్లదైనా వచ్చే అవకాశం 90 కాదు, 81. నీ అదృష్టం బాగుంది.

మీ పిన్నిగారిని ఇంకోసారి అడుగు. "పసుపు టమాటా" అని అడుగు.

ఆదివారం_రైతు
తొమ్మిదీ మూడూ మూడూ పదిహేనే కదా మాస్టారూ? ఇంకోటి ఏమైంది?

మేడమీది_మొక్కలు
అడిగాను! ముందు "లేదు, లేదు" అంది. తర్వాత కాసేపు ఆగి, "ఆ… గోడ అవతల వాళ్ళు ఏదో పసుపురంగు చిన్న కాయలు పెంచేవాళ్ళు, సొరకాయ బుర్రలా మెడ సన్నగా ఉండేవి. నేను టమాటా అనుకోలేదు" అంది. కత్తెరగారు చెప్పిన ఎల్లో పేర్ అదేనా? కానీ నా పసుపువి గుండ్రంగా ఉన్నాయే?

విత్తనాల_డబ్బా
అయ్యుండొచ్చు. ఆ మెడ ఆకారం కూడా రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే గుణం. ఎక్కువ మొక్కలు వేస్తే ఎక్కడో ఒకటి మెడతో వస్తుంది.

ఇక నీ ఏడో బకెట్ సంగతి. ఆకుపచ్చని పోనివ్వని గుణం ఒకసారి బయటపడిందంటే ఇక దాని పిల్లల్లో పోదు, పైనుంచి వేరే పుప్పొడి పడకుండా చూసుకుంటే చాలు. కానీ సైజు, తీపి, కాపు ఇంకా ఊగుతుంటాయి. పసుపు గుణం కూడా లోపల దాక్కుని ఉండొచ్చు, అలా ఉంటే పిల్లల్లో కొన్ని నల్లగా రావు. ప్రతి తరంలో నచ్చిన చెట్టు నుంచే విత్తనం తీస్తూ ఆరేడు తరాలు పోతే నిలబడుతుంది. రుచి ఎలా ఉంది?

మేడమీది_మొక్కలు
పిన్నిదాని కంటే చిన్నవి, కాస్త పులుపు ఎక్కువ. నిజం చెప్పాలంటే నాకు ఇదే నచ్చింది. పిన్నితో అనలేదు. పిన్ని రకం పిలక వేళ్ళతో సహా ఉంది, సంచి కట్టిన గెల విత్తనాలు కూడా డబ్బాలో ఉన్నాయి, కాబట్టి భయం లేదు.

ఐదో బకెట్ కూడా ఎరుపే వచ్చింది. ఒక్క ఆరో బకెట్ మాత్రం మొండికేసింది. అన్నిటికంటే ముందు పూసింది, గెలలు నిండుగా ఉన్నాయి, కానీ కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. దాని తర్వాత పూసినవన్నీ పండి రాలిపోతున్నాయి. ఎరువు తక్కువైందా?

విత్తనాల_డబ్బా
ఏ పచ్చ?

మేడమీది_మొక్కలు
ఈసారి ఆకుపచ్చే మాస్టారూ. పిందెల్లాగే. కొంచెం బంగారు నీడ ఉందేమో, సాయంత్రం వెలుతురులో సరిగ్గా తెలియడం లేదు.

విత్తనాల_డబ్బా
నొక్కి చూశావా?

ఆదివారం_రైతు
ఓహో! పదహారోది!!

మేడమీది_మొక్కలు
టార్చ్ వేసుకుని ఇప్పుడే మేడ మీదికి వెళ్ళొచ్చాను. మెత్తగా ఉంది. పట్టుకోగానే తొడిమ నుంచి ఊడి చేతిలోకి వచ్చేసింది.